ఊఁ కొట్టని పిల్లలు

"అయ్యోరా, యుద్ధాలు చేసేది పెద్దోళ్ళు గదా! పిల్లోళ్ళను ముందర కూర్చోబెట్టుకోని, కొట్లాటకు పోయే రాజు వెర్రోడని కథలు చెప్తే ఏమొస్తుంది?" అని అడిగాడు తిప్పన్న. శిష్యుడు గురువును అడగవలసిన తీరు కాదది; నిలదీసినట్టే అడిగాడు. అతని బాధ అలాంటిది. వెనకటి యుద్ధంలో అతని ఎడమకాలు మోకాలి దగ్గర బిగుసుకుపోయింది. ఇప్పుడు ఇంకో యుద్ధం వచ్చిపడింది. దానికి పోయి తీరతానని అతని ఒక్కగానొక్క కొడుకు చౌడప్ప, మొలిచీ మొలవని మీసం దువ్వుకుంటున్నాడు. ఆ పూటే దొరగారి సేనను నడిపే దళవాయి పళ్ళెంలో తాంబూలాలు పెట్టుకొని ఊళ్ళోకి వస్తున్నాడు. అందులోంచి ఒక వీడెం అందుకున్నవాడు సైన్యంలో చేరినట్టే, ఇక వెనక్కి తిరగడమంటూ ఉండదు. తండ్రి తిట్లూ, తల్లి ఏడుపూ ఆ కుర్రాడి చెవికెక్కలేదు.

ఆ గురువు సోమయారాధ్యులు, ఊరి బడి అయ్యవారు. వాదనంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. చినిగిన ఉత్తరీయం కుట్టుకుంటూ, "మధ్యాన్నం చావడి కాడికి రా," అన్నాడు, అంతే. తిప్పన్నకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సీమలో కథను చెప్పేవాడొక్కడే నడపలేడు. ఎదురుగా ఉన్నవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ వినపడకపోతే ఎంతటి మాటకారికైనా నాలుక ముందుకు కదలదు, అలా అలవాటైపోయింది జనానికి. పిల్లలు నిద్రపోకుండా ఉండటానికే ఊఁ అని అందరూ అనుకుంటారు. ఆరాధ్యులు మాత్రం తన బడి పిల్లలకు వేరే షరతు పెట్టాడు. "మీకు మనసొప్పిన చోటే ఊఁ కొట్టల్ల. ఒప్పకపోతే మూతి బిగించండి. చెప్పేది నేనైనా సరే, దేవుడైనా సరే." ఇక ఆ పిల్లలు ఆయన్నే ముప్పుతిప్పలు పెట్టారు. ఒక మబ్బు ఎవరి పొలిమేరలో పుట్టిందని ఇద్దరు రాజులు కత్తులు దూసే కథ ఒకటుండేది. మబ్బు నాదంటే నాదని సైన్యాలు తలపడేసరికి గాలి వచ్చి దాన్ని సముద్రం మీదికి తోసేస్తుంది. చచ్చినవాళ్ళు చచ్చారు, ఎండ ఎండలాగే ఉంది. ఆ కథ ఎప్పుడు చెప్పినా 'మబ్బు నాది' అని మొదటి రాజు అనగానే పిల్లలు నోళ్ళు మూసేవారు. మబ్బును కట్టేసే తాడు ఎక్కడుందో చూపించమనేవారు. ఆయన చూపించలేకపోయేవాడు, కథ అక్కడే గంటసేపు ఆగిపోయేది. ఇదేం చదువని తిప్పన్న ఎన్నోసార్లు విసుక్కున్నాడు.

మధ్యాహ్నం చావడి నిండింది. పళ్ళెం ఎదుట కుర్రాళ్ళు రొమ్ము విరుచుకొని నిలబడ్డారు, అందరికంటే ముందు చౌడప్ప. పిల్లలు మాత్రం రోజూ కూర్చునే చోటే, దళవాయి కాళ్ళ దగ్గరే చతికిలబడ్డారు. దళవాయి గట్టివాడు. ఉపన్యాసం దంచితే జనం ఆవులిస్తారనీ, కథలా చెబితే రక్తం మరుగుతుందనీ తెలిసినవాడు. అయితే అతనూ ఆ సీమ బిడ్డే, అవ్వ ఒడిలో కథలు విని పెరిగినవాడే. వాక్యం చివర తెలియకుండానే ఊఁ కోసం ఆగాడు.

"ఏటవతలి దొరింట్లో పెండ్లి. మన దొర ఏనుగెక్కి పోయినాడు."

"ఊఁ," అన్నారు పిల్లలు ఉత్సాహంగా. ఏనుగంటే ఎవరికి చేదు!

"పోతే ఆ దుర్మార్గుడు అగ్రతాంబూలం ఇంకెవరికో ఇచ్చి, మన దొరకు రెండోది ఇచ్చినాడు!"

ఊఁ రాలేదు. దళవాయి గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. అయినా ఊఁ రాలేదు. ముందు వరసలో కూర్చున్న కుమ్మరోళ్ళ సుంకులమ్మ, పాలపళ్ళు ఊడిన నోటితో, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "రెండోదాంట్లో వక్క లేదా?"

"ఉంది."

"సున్నం ఎక్కువై నోరు పొక్కిందా?"

"లేదే!"

"మరి?" అంది సుంకులమ్మ.

వెనకాల ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. దళవాయి కొరడాతో నేలమీద చెళ్ళున కొట్టాడు. "ఊఁ అనండి! దొరకు జరిగిన అవమానమిది, ఊఁ అనండి!" "అనండ్రా నాయనా, మీకు దండం పెడతా," అని ఒక తల్లి బతిమాలింది. కొరడా దెబ్బ ఎలా ఉంటుందో తిప్పన్నకు తెలుసు. పిల్లలకు భయం లేకపోలేదు. ఒకడి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అయినా బుగ్గలు బూరెల్లా పొంగించుకొని మూతులు బిగించి కూర్చున్నారేగాని ఒక్కరూ ఊఁ అనలేదు.

అప్పుడు తిప్పన్న కొడుకువైపు చూశాడు. చౌడప్ప చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగిపోయి ఉంది. వాడు దళవాయిని చూడటం లేదు, పళ్ళెంలోని ఆకులను చూస్తున్నాడు. "ఇంతకూ దీనికోసమా?" అన్నాడు మెల్లగా, ఎవరినీ ఉద్దేశించకుండా. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కవాడూ తీసుకున్నాడు. ఆ తర్వాత పళ్ళెం దగ్గరికి ఎవరూ రాలేదు. తిప్పన్నకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఏది ఆపుకోవాలో తెలియక రెండూ వదిలేశాడు.

"ఎవడు నేర్పినాడు వీళ్ళకు?" అని దళవాయి గర్జించాడు.

"నేనే," అంటూ ఆరాధ్యులు లేచి నిలబడ్డాడు. పిల్లలను మెచ్చుకుంటే తల్లి ముందుకొస్తుందే, అలా వచ్చాడు.

పొద్దుగూకేలోగా పొలిమేర దాటకపోతే తల మిగలదని ఆయనకు ఆజ్ఞ అయింది. కొండకింద పల్లెలో రేపు వేకువనే పళ్ళెం పెడతాననీ, అక్కడ మగవాళ్ళున్నారనీ రంకె వేసి దళవాయి గుర్రమెక్కాడు. ఆరాధ్యులు మూట కట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు, ఆయనకున్న సంపద అంత! తిప్పన్న ఆ మూట లాక్కొని భుజాన వేసుకున్నాడు. పొలిమేర దాకా కుంటుతూ వచ్చి, ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "నా కొడుకు దక్కినాడు సామీ, ఒప్పుకుంటా. కానీ కొండకింద పల్లెలో వీడెం అందుకునేవాళ్ళు శానామంది ఉంటారు. ఆడ మీ పిల్లోళ్ళు లేరే! యుద్ధం ఆగుతుందా?"

ఆరాధ్యులు అప్పటికే కొండదారి పట్టాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఆయప్పకు గుర్రముంది, మనది నడక. బిరాన రా తిప్పన్నా, ఆ పల్లె పిల్లోళ్ళు నిద్రపోకముందే చేరల్ల."