ప్రభువుగారి కొత్త మేడ

పూర్వం ఇటలీలో ఓ చిన్న రాజ్యాన్నేలే ప్రభువుకు కొత్త మేడ కట్టించాలని మోజు పుట్టింది. రాళ్లు కొట్టేవాడి కొడుకై, పెద్ద వాస్తుశిల్పిగా ఎదిగిన ఒరేస్తే, నున్నటి గోడలు, నాలుగు నిటారు స్తంభాలతో నమూనా గీసి చూపించాడు.

"ఇది మేడా, గుర్రాలశాలా? అంగుళం ఖాళీ లేకుండా దేవదూతలు, సింహాలు, లతలు ఉండాలి. చేతకాకపోతే ఊరు విడిచి పో!" అని ప్రభువు మండిపడ్డాడు.

ఒరేస్తే నమూనా చుట్టిపెట్టి, "చిత్తం. ముందు పాత మేడలో ఒక బాల్కనీ నిండా సున్నపు బొమ్మలు పెట్టిస్తాను. పండుగనాడు తమరు అక్కడ నిలబడి చూడండి" అన్నాడు.

పండుగనాడు ప్రభువు జరీ అంగీలో ఆ బొమ్మల మధ్య నిలబడ్డాడు. కింద జనం ఒక దేవదూత బొమ్మకు దండాలు పెట్టారు.

"ప్రభువుగారు ఇంకా రాలేదేం?" అంది చేపలమ్మే ఆవిడ.

ప్రభువు కోపంగా చెయ్యి ఊపాడు.

"అమ్మో, ఆ లావుపాటి బొమ్మ ఊగుతోంది, మీద పడుతుంది!" అంటూ జనం పరుగు తీశారు.

ఒరేస్తే ఆయన్ని పక్కనే ఉన్న బోసి బాల్కనీలోకి నడిపించాడు. "ప్రభువుగారికి జయం!" అని వీధి మారుమోగింది.

ప్రభువు లోపలికొచ్చి నమూనా తెప్పించుకున్నాడు.

"ఒరేస్తే, నాలుగు స్తంభాలెందుకయ్యా? రెండు చాలవూ?" అన్నాడు.