చిలకపడవ మోటారు పీట

అనగనగా ఒక రాజు అని మొదలుపెడితే మీకు హాయిగా ఉంటుంది. కానీ పిల్లలూ, ఈ కథలో రాజు లేడు. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక లంక, ఆ లంకలో లోవరాజు అనే పడవవాడు, అతని భార్య నూకరత్నం, వాళ్ళకో పాత గూడుపడవ. వీళ్ళతోనే సరిపెట్టుకోండి.

ఆ పడవని లోవరాజు తండ్రి కట్టించాడు. ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు, ముక్కున ఎరుపు. అందుకని అందరూ చిలకపడవ అనేవారు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు అందులో ఎక్కి లంకలన్నీ తిరిగేవారు, నూకరత్నం వండిన చేపల పులుసు తినేవారు, ఆ గూట్లోనే పడుకుని తెల్లారాక దిగేవారు. పడవ తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

పడవ వెనక రెండు మోటార్లు వేలాడేవి. లోవరాజు వాటికి పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టుకున్నాడు. పెద్దోడు పొగ కక్కేవాడు, చిన్నోడు దగ్గేవాడు. కక్కుతూ దగ్గుతూనే ఇద్దరూ ఎన్నో ఏళ్ళు ఆ ఇంటిని పోషించారు.

మోటార్లు బిగించే వెనక చెక్కని ఆ లంకలో మోటారు పీట అంటారు. ఏటా గంగమ్మ జాతరకి ఆ పీటకి కొత్త రంగు వేయడం అక్కడి ఆచారం. వేయడమే గానీ పాత రంగు గీకకూడదు. గీకితే గంగమ్మకి కోపం వస్తుందట. ఆ సంగతి గంగమ్మ ఎవరితో చెప్పిందో నాకు తెలియదు. తండ్రులు వేసిన రంగు మీద కొడుకులు పూసుకుంటూ పోయారు. లోపల చెక్క ఎలా ఉందో ఎవరూ చూడలేదు.

ఒక్కరు చూశారు. చిలకపడవ కప్పు మీద ఒక ముసలి నీటికాకి కాపురం ఉండేది. నీళ్ళలో మునిగి చేపలు పట్టేది గనక, దానికి ఆ పడవ కిందినుంచి కూడా తెలుసు.

ఒకనాడు ఏటి నడుమ పెద్దోడు ఆగిపోయాడు. ఎంత బతిమాలినా మళ్ళీ కదల్లేదు. చిన్నోడు ఒక్కడే దగ్గుకుంటూ పడవని ఒడ్డుకి చేర్చాడు. మర్నాడు లోవరాజు పట్నంలో మోటార్లు అమ్మే చిదంబరం కొట్టుకి వెళ్ళాడు. చిదంబరం కుర్చీ వేయించి, సోడా తెప్పించి, కుశల ప్రశ్నలన్నీ అడిగాడు.

"ఆ పాతవాటికి సామాన్లు ఇప్పుడు ఎక్కడా దొరకవండి లోవరాజుగారూ. చెయ్యడమే మానేశారు. ఇదిగో, ఈ కొత్తది పట్టుకెళ్ళండి. రెట్టింపు బలవండి," అన్నాడు.

బలంతోపాటు బరువూ రెట్టింపే. ఆ మాట చిదంబరం చెప్పలేదు, లోవరాజు అడగలేదు. ధర మాత్రం అడిగాడు. ఆ సొమ్ముతో ఇంకో చిలకపడవ కట్టించుకోవచ్చు. అయినా మోటారు లేని పడవ ఎందుకని, ఇంటికొచ్చి నూకరత్నం మెడలోని గొలుసు అడిగాడు. ఆమె తీసి ఇచ్చింది.

కొత్త మోటారు బిగిస్తూంటే నీటికాకి కప్పు మీద నుంచి పిలిచింది.

"అబ్బాయ్, మోటారు తరవాత. ముందు ఆ పీట మార్చు. కింద చెక్క మెత్తబడిపోయింది. నేను పొడిస్తే ముక్కు దిగిపోతోంది."

లోవరాజు పీట మీద అరచేత్తో తట్టాడు. "ఎలా నిగనిగలాడుతోందో చూడు మామ్మా. దీనికేం రోగం?" అన్నాడు.

నిగనిగలాడింది రంగు. ఆ తేడా తెలియక మునిగిన ఇళ్ళు లోకంలో చాలా ఉన్నాయి పిల్లలూ, ఒక్క లంకలోనే కాదు.

కొత్త మోటారుతో పడవ బయల్దేరింది. బయల్దేరి గిర్రున తిరిగింది. ఒక పక్క కొత్తవాడి ఊపు, ఇంకో పక్క చిన్నోడి దగ్గు. రెండింటికీ పొత్తు కుదరక పడవ ఏట్లో గానుగెద్దులా ఉన్నచోటనే తిరుగుతూంటే ఒడ్డు మీది జనం పడీపడీ నవ్వారు. లోవరాజుకి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ చిదంబరం దగ్గరికి పరిగెత్తాడు.

"ముందే చెబుదావనుకున్నానండి," అన్నాడు చిదంబరం. "కోడెనీ ముసలెద్దునీ ఒక కాడికి కడితే సాగుతుందా అండి? జత ఉండాలండి. రెండోది కూడా తీసుకోండి. ఆ చిన్నోణ్ణి పాతసామానులో నేనే తీసేసుకుంటాను, మీకు మొయ్యడం తప్పుతుంది."

ఈసారి తండ్రి ఇచ్చిన కొబ్బరి దొడ్డి అమ్ముడుపోయింది. ఇంకా పనిచేస్తున్న చిన్నోడు పాతసామాను ధరకి చిదంబరం కొట్లోకి చేరిపోయాడు. వెళ్తూ వెళ్తూ కూడా దగ్గాడు.

రెండు కొత్త మోటార్లు ఎక్కాక చిలకపడవ ముక్కు పైకి లేచింది, వెనక భాగం కిందికి దిగింది. నీటికాకి రెండోసారి నోరు విప్పింది.

"అబ్బాయ్, వెనక చూసుకున్నావా? ఏరు పీట అంచుదాకా వచ్చింది. ఆ చెక్క మొయ్యలేదు. ముసల్దాని మాట విను."

"నీకేం తెలుసు? ఎప్పుడైనా మోటారు కొన్నావా నువ్వు?" అని లోవరాజు తెడ్డు విసిరాడు. అది తగల్లేదు గానీ, నీటికాకి ఆ కప్పు మీద మళ్ళీ వాలలేదు. ఒడ్డున ఒక గుంజ మీద కూర్చుని చూస్తూ ఉండేది.

నీటికాకి మాట నూకరత్నం చెవిన పడింది. లోవరాజు ఇంట్లో లేని సమయం చూసి ఆమె పీకల్లోతు నీళ్ళలోకి దిగి, పీట అడుగున చెయ్యి పెట్టింది. వేళ్ళు చెక్కలోకి దిగబడ్డాయి. గుప్పెట్లోకి వచ్చిన నల్లటి పొట్టుని అలాగే పట్టుకొచ్చి మొగుడి ముందు పెట్టింది.

"మావా, ఇదీ మన పీట. వడ్రంగిని అడిగాను. మన మేకని ఇస్తే కొత్త చెక్క వేసి పెడతానన్నాడు. నా గొలుసు పోయింది, దొడ్డి పోయింది, నేనేవన్నా అన్నానా? ఈ ఒక్కమాట విను."

లోవరాజు ఆ పొట్టు వంక చూశాడు. చూడలేదని మాత్రం అనకండి, బాగానే చూశాడు. కానీ పీట మార్చాలంటే రంగు గీకాలి. రంగు గీకితే గంగమ్మకి కోపం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. కొత్త మోటార్లు కొన్నవాడు పీట కుళ్ళిందని పడవని ఒడ్డెక్కిస్తే, మొన్న నవ్విన జనం మళ్ళీ నవ్వుతారు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఒళ్ళు మండిపోయింది.

"పాత పడవన్నాక కాస్త నాచు ఉండదా ఏవిటే? నువ్వూ పిట్ట మాటలు పట్టుకు వేళ్ళాడకు," అన్నాడు.

అతనూ ఆ మేకనే అమ్మాడు. ఆ డబ్బుతో పీటకి బంగారు రంగు కొన్నాడు. మోటార్లకి పూలదండలు, కొబ్బరికాయలు, ఒడ్డున మోగడానికి డప్పులు. చెక్క వచ్చే డబ్బుకి రంగు వచ్చింది.

మంచిరోజు చూసి పడవ కట్టు విప్పారు. చిదంబరాన్ని పిలిచి దండ వేసి ముందు కూర్చోబెట్టారు. లంకలో సగంమంది ఎక్కారు. నూకరత్నం ఎక్కనంది. ఊరివాళ్ళ ముందు పరువు తీస్తావా అని లోవరాజు పళ్ళు నూరితే, ఎక్కి వెనక కూర్చుంది. గుంజ మీంచి నీటికాకి మూడోసారి అరిచింది. డప్పుల మోతలో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు.

లోవరాజు రెండు మోటార్లకీ ఒక్కసారే ఊపు అందించాడు. చిదంబరం చెప్పింది నిజమే, వాటికి చాలా బలం ఉంది. ఆ బలానికి పీట ఫెళ్ళున ఊడింది. దండలతో సహా రెండు మోటార్లూ ఏట్లోకి దూకాయి. అవి దూకిన దారినే ఏరు పడవలోకి వచ్చింది.

ఒడ్డు దగ్గరే గనక ప్రాణాలు దక్కాయి. ఈత రానివాళ్ళని ఈత వచ్చినవాళ్ళు లాగారు. పడవనే పట్టుకుని మునిగిపోతున్న లోవరాజుని నూకరత్నం జుట్టు పట్టి బయటికి ఈడ్చింది. చిలకపడవ అక్కడే నీళ్ళలో కూర్చుండిపోయింది. ఎర్రముక్కు ఒక్కటి పైకి కనబడుతూ మిగిలింది.

సాయంత్రానికి పీట ముక్క ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. విరిగిన అంచున రంగులు పొరలు పొరలుగా కనిపించాయి. పైన బంగారు రంగు, కింద పసుపు, ఎరుపు, నీలం, అన్నిటికీ అడుగున తండ్రి వేసిన ఆకుపచ్చ. ఇన్నాళ్ళూ ఆ పీటని నిలబెట్టింది ఆ రంగులే. వాటి వెనక చెక్క గోరంత మందం కూడా లేదు.

"మోటార్లు మోటార్లని ఊరేగావు," అంది నూకరత్నం. ఆమె గొంతులో ఏడుపు లేదు. "వాటిని మోసే చెక్కని ఒక్కనాడైనా తిప్పి చూశావా? నిన్ను మోసిన నన్ను చూశావా మావా?"

జవాబు చిదంబరం దగ్గర ఉంది. తడిసిన పంచె పిండుకుంటూ, "మోటార్లు మంచివేనండి, మీరే చూశారుగా. పీట విరిగితే నేనేం చేసేది? నేను పీటలు అమ్మనండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పినవాళ్ళు గెలవాలి కదా అని మీరు అడుగుతారు. నీటికాకి గెలిచింది. మునిగిన గూట్లో చేపలు గుడ్లు పెట్టాయి, అది ఎర్రముక్కు మీద కూర్చుని కడుపునిండా తింటోంది. కానీ లోవరాజు ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే ముఖం తిప్పుకుంటుంది. తన మాట నిజమైనందుకు దానికి సంతోషంగా లేదు.

ఇప్పుడు ఆ ఏట్లో చిదంబరానికి ఒక చిన్న పడవ తిరుగుతోంది. దానికి కట్టింది చిన్నోణ్ణే. దొరకవన్న సామాన్లు ఎక్కడో దొరికాయి. ఆ పడవ మీద లోవరాజు కూలికి చుక్కాని పడుతున్నాడు, నూకరత్నం కూలికి పులుసు వండుతోంది. వెనక చిన్నోడు దగ్గినప్పుడల్లా లోవరాజు ఉలిక్కిపడి తిరిగి చూస్తాడు. చిదంబరం ఏడాదికోసారి ఆ పడవని ఒడ్డెక్కించి, పీట మీది రంగంతా శుభ్రంగా గీకించి, చెక్క చూసుకుంటాడు. గంగమ్మ ఇంతవరకు ఏమీ అనలేదు.

అందుకని పిల్లలూ, మనల్ని మోస్తున్నదాన్ని తిప్పి చూసుకోకుండా దాని మీద బరువు పెంచుకుంటూ పోతే, ముచ్చటపడి తెచ్చుకున్న ఆ బరువే మనల్ని ముంచుతుంది.