అందరికీ బెజ్జమే కావాలి

అనగనగా ఒక అడవిలో, అల్లరిలో మీకంటే నాలుగాకులు ఎక్కువే చదివిన జంతువులు ఉండేవి. ఆ అడవిలోనే గంతులమ్మ అనే కోతి చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కోతేమిటి, చెట్టు మీంచి పడటమేమిటి అని నవ్వకండి. పాపం, ఆమె ఒడిలో వారం రోజుల పసిపిల్ల.

పొద్దుగూకేలోపు కోతుల గుంపు కొమ్మల మీదుగా దూరపు గుట్టకు వెళ్ళిపోబోతోంది. గుంపు వెనక ఒంటరిగా మిగిలితే చిరుత ఊరుకోదు. కొమ్మ పట్టుకోవాలంటే గంతులమ్మకు ఒక్క చెయ్యే ఉంది. మరి పిల్లనెలా పట్టుకోవాలి?

"వీపుకు కట్టుకునే జోలె నేసిస్తాను, ఏడవకు," అంది ముళ్ళపంది సూరమ్మ.

సూరమ్మ దగ్గర ఒళ్ళో పట్టేంత చిన్న మగ్గం ఉంది. దానికి దువ్వెన లాంటి చెక్కపలక ఒకటి. ఆ పలకలో ఒక బెజ్జం, దాని పక్కన నిలువు చీలిక, మళ్ళీ బెజ్జం, మళ్ళీ చీలిక. పలకను పైకెత్తితే బెజ్జంలోని పోగు లేస్తుంది. చీలికలోని పోగు ఉన్నచోటే ఉంటుంది. ఆ రెంటి నడుమ సందులోంచి నాడె, అంటే అడ్డదారం చుట్టిన పుల్ల, సర్రున దూరుతుంది. నేతంటే అంతే.

నెమలి పింఛయ్య నీలిదారం తెచ్చాడు. ఎలుగుబంటి బొంతయ్య నల్లదారం తెచ్చాడు. కుందేలు చెవులమ్మ తెల్లదారం తెచ్చింది. సూరమ్మ పోగులన్నీ వెనక కర్రకు కట్టింది. తన ముల్లే ఒకటి పీకి, దాంతో ఒక్కో పోగూ పలకలోంచి లాగసాగింది.

పింఛయ్య మెడ సాచి చూశాడు. తన మొదటి పోగు బెజ్జంలో దూరింది, మురిసిపోయాడు. రెండోది చీలికలో దూరింది, ముఖం మాడ్చుకున్నాడు.

"నా పోగు కింద పడి ఉండే రకం కాదు. బెజ్జంలో వెయ్యి," అన్నాడు.

అయితే తనదేం తక్కువని బొంతయ్య గుర్రుమన్నాడు. చిన్నదాన్నని చీలికలోకి తోస్తారా అని చెవులమ్మ ముక్కు చీదింది. అన్నీ బెజ్జాల్లోనే వెయ్యడం తప్పని సూరమ్మకు తెలుసు. కానీ దారమిచ్చిన వాళ్ళ దగ్గర మొహమాటం! ఒక్కో బెజ్జంలో రెండేసి పోగులు కుక్కి, ముందు కర్రకు బిగించి ముడులేసింది. చీలికలన్నీ ఖాళీ.

సూరమ్మ పలక ఎత్తింది. పోగులన్నీ ఒక్కసారే లేచాయి. సందు లేదు. నాడె టక్కున కొట్టుకుని వెనక్కొచ్చింది.

బలం చాల్లేదంటూ బొంతయ్య ఎత్తాడు. పలకతో పాటు మగ్గం లేచింది, మగ్గంతో పాటు సూరమ్మ కూడా లేచింది. సందు మాత్రం లేదు.

నాడె పట్టుకుని తానే దూరతానని చెవులమ్మ పరిగెత్తుకొచ్చి దూకింది. బిగిసిన పోగులు ఆమెను ఎగరేసి పింఛయ్య తోక మీద పడేశాయి. అడవంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

అప్పుడే పైన గుంపు కదిలింది. గంతులమ్మ పిల్లను చంకనెత్తుకుని, ఒంటి చేత్తో కొమ్మ ఎక్కబోయింది. పిల్ల జారి గడ్డిలో పడి కేరుమంది.

నవ్వులు ఆగిపోయాయి. పింఛయ్యకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

"సూరమ్మక్కా, నా పోగులు చీలికల్లో వెయ్యి. కిందే ఉంటాను," అన్నాడు.

వెంటనే బొంతయ్య తనవీ కిందే వెయ్యమన్నాడు. అందరికంటే ముందు తనవే కిందని చెవులమ్మ ఎగిరింది. ఇప్పుడు కింద ఉండటానికి కొట్లాట! సూరమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"నోళ్ళు ముయ్యండి. అందరూ పైనున్నా గుడ్డ కాదు, అందరూ కిందున్నా గుడ్డ కాదు. ఎవరిది ఎక్కడో నేను వేస్తాను," అంది.

ముగ్గురూ బుద్ధిగా కూర్చున్నారు. సూరమ్మ ముందు ముడులు విప్పింది. ప్రతి బెజ్జంలో ఒక పోగు ఉంచి, రెండోది పక్క చీలికలోకి మార్చి మళ్ళీ బిగించింది. పలక ఎత్తింది. సందు తెరుచుకుంది. నాడె సర్రున పోయింది. తర్వాత పలకను కిందికి నొక్కింది. బెజ్జాల్లోని పోగులు దిగాయి, చీలికల్లోని నీలిపోగులు మీదికొచ్చాయి.

"కింద వెయ్యమన్నాను కదా," అని పింఛయ్య నోరు తెరిచాడు.

"నీ వంతొచ్చింది, కదలకు," అంది సూరమ్మ.

పలక పైకి, నాడె ఇటు. పలక కిందికి, నాడె అటు. బొంతయ్య తల ఊపాడు, చెవులమ్మ గంతులేసింది, చూస్తుండగానే జోలె అయిపోయింది. గంతులమ్మ పిల్లను వీపుకు కట్టుకుని ఒక్క ఊపున కొమ్మందుకుంది. రెండో ఊపులో గుంపును కలిసింది.

ఏ పోగు పైన, ఏ పోగు కింద అని పింఛయ్య నేల మీంచే మెడ సాచి, కొమ్మల్లో ఊగుతున్న ఆ జోలెలో కాసేపు వెతికాడు. తెలియలేదు. వెతకడం మానేసి, పిల్ల ఏడుపు ఆపిందా అని కేకేసి అడిగాడు.

నీతి: అందరూ ఒకేసారి పైకి లేస్తే దారి మూసుకుపోతుంది, ఒకరు లేచినప్పుడు ఒకరు ఆగితే, పనీ అవుతుంది, ఎవరి వంతు వారికీ వస్తుంది.