నేతికుండ మీద సింహం

పాలవంక రాజ్యంలో నన్ను మించిన తెలివైనవాడు పుట్టలేదు, ఇక పుట్టడు. ఈ మాట నిండు సభలో ముగ్గురి చేత అనిపించాను. వాళ్ళలో ఇద్దరికి తాంబూలంలో జాజికాయ కాస్త ఎక్కువ వేశాను. మూడోవాడికి చెవుడు, ఏం అంటున్నాడో అతనికే తెలియదు.

నా పేరు బుడ్డన. చెన్నభూపతి వారికి ఆకులు చుట్టి ఇవ్వడం నా కొలువు.

ఆ రోజు రాజుగారు వచ్చి సింహాసనం మీద కూర్చున్నారు. లేచి గబగబా లోపలికి వెళ్ళారు. వచ్చి కూర్చున్నారు. మళ్ళీ వెళ్ళారు. సభికులం కూడా లేస్తూ కూర్చుంటూ ఉంటే మోకాళ్ళు పట్టేసేలా ఉన్నాయి.

"నెయ్యి," అన్నారు చివరికి, పొట్ట పట్టుకుని. "ముద్దపప్పులో వేసుకున్న పాపానికి ఇదీ గతి. సగం ఇప్పనూనే. ఎక్కడిదా కుండ?"

కోటకు నెయ్యి ఏటి అవతల నాంచారమ్మ దొడ్డి నుంచి వస్తుంది. ముద్రాధికారి సింగన అక్కడే కుండ మూతికి గుడ్డ కట్టించి, ముడి మీద లక్క బిళ్ళ పెట్టి, సింహం ముద్ర కొడతాడు. కుండలు సుంకాధికారి కాచప్ప ఠాణా దాటి, కోటలో సరుకులు దాచే ఉగ్రాణానికి చేరతాయి. ఉగ్రాణం చూసే అధికారి బయ్యన్న.

సింగన ముందుకొచ్చి మీసం సవరించుకున్నాడు. "బిళ్ళ చెక్కు చెదరలేదు ప్రభూ. నా సింహాన్ని బ్రహ్మదేవుడు కూడా రెండోసారి చెక్కలేడు. కాబట్టి కుండ కట్టకముందే కల్తీ జరిగింది. చేసింది నాంచారమ్మే."

నాంచారమ్మను పిలిపించారు. ఆమె కొంగు బిగించుకుని నిలబడింది. "దొరా, మీ నాయనగారు పళ్ళూడేదాకా నా నెయ్యే తిన్నారు. ఇక ఈ అయ్యగారి సింహం అంటారా, మా దొడ్డిలో కొట్టేటప్పుడు పిల్లిలా ఉంటుంది. కోటకు చేరిన ఈ కుండ మీదే కాస్త తేరుకుంది."

రాజుగారికి కడుపులో మళ్ళీ తిప్పింది. "రేపు కొత్త కుండలొస్తాయి. అందులోనూ కల్తీ ఉంటే, పశువుల్ని తోలుకుని పొలిమేర దాటిపో."

ఆమెకు ఆ దొడ్డి తప్ప వేరే ఆధారం లేదు. నా నోరు ఆగలేదు.

"ప్రభూ, బిళ్ళకే దొంగ బిళ్ళ పుట్టిందేమో?"

సింగన నవ్వాడు. "ఆకులు చుట్టేవాడికి ముద్రల సంగతేం తెలుస్తుందిరా?"

"ఆకులూ చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి అయ్యగారూ. నమిలితేనే తెలుస్తుంది ఏది కారమో."

"అయితే రేపటికి తేల్చు బుడ్డనా," అన్నారు రాజుగారు. "తేల్చావా, ఈ కంకణం నీది. తేల్చలేదో, ఆ కుండెడు నెయ్యీ నువ్వే తాగు."

చీకటి పడేలోగా ముగ్గురు అధికారుల ఇళ్ళకూ పరుగెత్తాను. ప్రతి ఒక్కరి చెవిలోనూ ఒకే పాట పాడాను.

"ప్రభువుల ఆన. ఈసారి లక్కలో ఓ వాసన సరుకు కలిపించారు. బిళ్ళను నిప్పు మీద వేస్తే ఆ వాసన రావాలి, రాకపోతే అది దొంగ బిళ్ళ. ఈ గుట్టు అధికారులు ముగ్గురికే. మీలో మీరు కూడా మాట్లాడుకోకండి, తలలు లేచిపోతాయి."

సరుకు పేరు మాత్రం మరీ చిన్నగా చెప్పాను.

మర్నాడు కుండలు సభలో దింపారు. పక్కన కుంపటి పెట్టించాను.

"సింగనగారూ," అన్నాను, "వీటిలో తమ చేతి పనితనం బాగా తెలిసే బిళ్ళ ఒకటి చూపిస్తారా?"

అతను కుండలన్నీ తిరిగి ఒకదాని ముందు మురిసిపోయాడు. "ఇదిగో. ఈ జూలు చూడండి ప్రభూ, ఈ పంజా చూడండి. ఇది నాది కాదంటే చెయ్యి నరికించుకుంటాను."

ఆ బిళ్ళ ఊడదీసి నిప్పు మీద వేశాను. పొగ లేచింది. రాజుగారు ముక్కు ఎగబీల్చారు.

"ఇదేమిట్రా, పులిహోర పోపు వాసన?"

"ఇంగువ ప్రభూ."

మరో కుండ బిళ్ళ వేశాను. ఉత్త లక్క వాసన.

"ఇదీ అసలు బిళ్ళ," అన్నాను. "అసలు లక్కలో ఎవరూ ఏమీ కలపలేదు. రాత్రికి రాత్రి పోపు పెట్టుకున్నది దొంగే. ఇంగువ మాట నేను చెప్పింది ఒక్కరికే."

కాచప్ప చివాల్న లేచాడు. "ఒక్కరికేమిట్రా? ముగ్గురికీ చెప్పానన్నావుగా. ఇంగువ సంగతి వీళ్ళకూ తెలుసు."

బయ్యన్న అతనివైపు విచిత్రంగా చూశాడు. "నాకు మెంతులన్నాడే."

"నాకు కర్పూరమన్నాడు," అన్నాడు సింగన, నీళ్ళు నములుతూ.

కాచప్ప చెయ్యి గభాల్న నడుం మీదకు పోయింది. భటులు అతని నడుంకట్టు విప్పితే దొంగ ముద్ర టక్కున నేల మీద పడింది. అందులో సింహం నిజంగానే సింగన సింహం కన్నా అందంగా ఉంది.

నాంచారమ్మ సింగన దగ్గరికి వెళ్ళింది. "చెయ్యి నరికించుకుంటానన్నారు, ఏ చెయ్యి అయ్యగారూ?"

సభ గొల్లుమంది. రాజుగారు పొట్ట మళ్ళీ పట్టుకున్నారు, ఈసారి నవ్వలేక. "వదిలెయ్యమ్మా. రెండు చేతులూ ఉంటేనే నీ కుండలు మోస్తాడు. ఇకనుంచి దొడ్డి నుంచి కోటదాకా కుండల వెంట ఈయనే నడుస్తాడు. ఆ ఇప్పనూనె మాత్రం ముందు కాచప్ప చేత తాగించండి, శిక్ష తర్వాత చూద్దాం."

కంకణం తీసి నా చేతికి తొడిగారు. అంతలో ఏదో తట్టినట్టు ఆగారు.

"ఒరే, ఇంగువ చెప్పింది కాచప్పకే అని నీకు తెలుసుగా. బిళ్ళ కాలగానే పేరు చెప్పక, అంత నాన్చావెందుకు?"

కంకణం మోచేతి పైకి, సులువుగా ఊడి రానంత దూరం తోసుకున్నాను.

"ఎవరికి ఏ వాసన చెప్పానో, ఇంటికి చేరేలోపే మరిచిపోయాను ప్రభూ."