కలబోతమ్మ చీకటిపూట

పూర్వం తూర్పుకనుమల నడుమ, ఏడు గ్రామాలకు ఇలవేల్పుగా కొండమ్మ తల్లి ఒక రాతిగుహలో కొలువై ఉండేది. ఆ సన్నిధిలో వెలిగే అఖండదీపాన్ని తొలుత ఏ పుణ్యాత్ములు వెలిగించారో తెలిసినవారు లేరు. ఇప్పనూనెతోనే వెలిగే ఆ దీపానికి తైలం సమర్పించే భాగ్యం మాత్రం చిలకమ్మ అనే నిరుపేద వితంతువు వంశానికి దక్కింది. ఆ తైలాన్నిచ్చే వారి చేలోని చెట్లమీద గొడ్డలి పెట్టరాదని, ఆ దీపం ఏనాడూ ఆరరాదని ఏడూళ్ళ కట్టుబాటు.

ఆ కొండవాసులకు చోడిచేల గట్లమీద పెరిగే ఇప్పచెట్లే జీవాధారం. చేతికి పంట రాని ఎండాకాలంలో ఎండబెట్టిన ఇప్పపువ్వే వారి కడుపు నింపేది, గింజ ఆడిస్తే వచ్చిన నూనె కూరకూ దీపానికీ సరిపోయేది. అయితే చిలకమ్మకొక వింత అలవాటుండేది. పెళ్ళికి వెళ్ళినా పరామర్శకు వెళ్ళినా, ఆ ఊరి ఇప్పగింజలు నాలుగు కొంగున ముడివేసుకోనిదే ఆమె కాళ్ళు ఇంటిముఖం పట్టేవి కావు. అలా ఆమె చేలో పన్నెండు చెట్లు పన్నెండు తీరులుగా పెరిగాయి. ఒకటి శివరాత్రికే పూతకొస్తే మరొకటి వైశాఖం దాకా బద్ధకించేది, ఒకదాని పువ్వు తేనెలా ఉంటే వేరొకదాని పువ్వు నోట పెట్టినవాడు మొహం చిట్లించక తప్పేది కాదు. “చిలకమ్మ కొంగు దులిపితే అడవి రాలతాది” అని సాటి ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆమె కూడా వారితో కలిసి నవ్వేసేది.

ఏడూళ్ళకు పెద్దయైన గంగుదొర మహాభక్తుడే గాని తొందర మనిషి. గుహ ముంగిట ఉన్న ఇప్పచెట్టు పువ్వు అన్నిటికన్నా లావు, అన్నిటికన్నా తీపి. తల్లి ముంగిట చెట్టుకు మించిన చెట్టు లోకంలో ఉంటుందా అనుకున్నాడాయన. ఇకపై ఏడూళ్ళ చేలలో దాని గింజే పడాలని శాసించాడు. జనం చెంపలు వేసుకుని మరీ నాటారు. పన్నెండేళ్ళకు కొండ కొండంతా ఒక్కసారే పూసి, ఒక్కటే తీపి కురిసింది. ఆ ఆనందంలో పాతచెట్లన్నీ నరికించి, చివరికి గొడ్డళ్ళవాళ్ళను వెంటబెట్టుకుని దొర చిలకమ్మ చేలోకి వచ్చాడు.

“ఈ పుల్లచెట్లేటే చిలకమ్మా, తల్లికి ఎంగిలి కూడు ఎట్టినట్టు? కొట్టీసి మంచి గింజెయ్యి” అన్నాడు.

“మంచిదే బాబూ. ఈ పుల్లది మా అత్తోరూరిది, ఆ వంకరది నా కూతురు పోయిన ఊరిది. తల్లి దీపంలో కాలేది ఈటి నూనే గదా. కొట్టాలంటే ముందు ఆ దీపం ఆర్పీసి రండి, నాను అడ్డమాడను” అంది చిలకమ్మ, చేతులు జోడించే.

కట్టుబాటు తన నోటికే అడ్డుపడేసరికి దొర గొడ్డళ్ళవాళ్ళను తీసుకుని వెనుదిరిగాడు. ఆనాటినుంచి చిలకమ్మ గింజను ఎవరూ ముట్టలేదు. అది మాత్రం ఆమె మనసును బాగా నొప్పించింది.

మరి మూడేళ్ళకు కొండమీద తెగులు పుట్టింది. ఒక చెట్టు బెరడు పగిలి నల్లటి రసం కారింది. అన్నీ ఒక్క తల్లి బిడ్డలే కావడంతో, ఒకదానికి లొంగని రోగం మరొకదానికీ లొంగలేదు. రెండు నెలలలో ఏడూళ్ళ చెట్లూ, గుహ ముంగిట ఉన్న మహావృక్షంతో సహా, నిలువునా ఎండిపోయాయి. చిలకమ్మ చేలోనూ మూడు చెట్లు పోయాయి, తొమ్మిది నిలిచాయి. ఆ తొమ్మిదీ కలిసి ఆ ఆషాఢంలో ఇచ్చినవి ఒక్క గంపెడు గింజలు.

జనం మూటలు కట్టుకుని మైదానాలకు దిగిపోవడానికి సిద్ధపడ్డారు. ఇప్పగింజ దాచుకుంటే మొలవదు, రాలిన కొద్దిరోజుల్లోనే మట్టిలో పడాలి. ఆ గంప నాటితే, మళ్ళీ చెట్లొస్తాయన్న ఆశతోనైనా ఏడూళ్ళు నిలుస్తాయి, కాని దీపానికి నూనె ఉండదు. ఆడిస్తే దీపం నిలుస్తుంది, కాని దాని ముందు మొక్కడానికి మనిషి మిగలడు. తరతరాల వ్రతం తన చేతిలో భగ్నమవుతుందే అని చిలకమ్మ మూడురోజులు ముద్ద ముట్టక కుమిలిపోయింది. నాలుగోనాడు గంప నెత్తిన పెట్టుకుని గుహకు నడిచింది, అది చూసి ఏడూళ్ళ జనమూ వెంట నడిచారు.

“తిట్టుకో తల్లీ, కొట్టుకో. ఈ ఏడు నీకు నూనె లేదు” అని ఏడుస్తూ, గింజలన్నీ అక్కడి రాతిరోటిలో పోసి, ఏ చెట్టు గింజ ఏదో తనకే తెలియకుండా రెండు చేతులా కలిపింది. ఆ క్షణానే దీపం కొండెక్కింది. జనం హాహాకారాలు చేస్తుండగా గుహలోని చీకటినుంచి చల్లని మాటొకటి వినిపించింది: “ఎందుకేడుస్తావే పిచ్చిదానా? నా పిల్లలు చెట్టునీడన ఉంటే నేను చీకట్లో ఉండలేనా?”

అంతట ఏడూళ్ళవారూ వరుసకట్టి తలా ఒక దోసెడు తీసుకున్నారు. ఎందరు తీసినా రోలు వట్టిపోలేదు. అందరికన్నా చివర, తలవంచుకుని గంగుదొర నిలబడ్డాడు. అప్పటికి సరిగ్గా ఒక్క దోసెడే మిగిలి ఉంది. చిలకమ్మ దాన్ని ఆయన చేతుల్లో పోసి, “పుల్లదీ ఉంటాది బాబూ, ఏరి పారీకు” అంది. దొర ఏరలేదు, కళ్ళు తుడుచుకుని వెళ్ళి నాటాడు. మరుసటి ఆషాఢంలో ఆ తొమ్మిది చెట్ల నూనెతో చిలకమ్మ మళ్ళీ దీపం వెలిగించేదాకా, తల్లి ఏడాదిపాటు చీకట్లోనే ఉంది.

కొండమ్మకు కలబోతమ్మ అనే పేరు ఆనాటినుంచే వచ్చింది. చిలకమ్మ చేతులు తిరిగిన ఆ రాతిరోలు నేటికీ గుహ ముందు నున్నగా మెరుస్తూ ఉంది. ఏటా ఆషాఢంలో తొలి ఆదివారంనాడు ప్రతి ఇంటివారూ తమ చెట్టు గింజలు తెచ్చి అందులో పోసి, కలిపి, కళ్ళు మూసుకుని ఒక దోసెడు పట్టుకెళ్ళి నాటుకుంటారు. ఇప్పటికీ ఏదో ఒక చెట్టుకు తెగులు పడుతూనే ఉంటుంది, పక్కనున్నది పచ్చగా పూస్తూనే ఉంటుంది. ఆ ఆదివారం పూట పూజారి స్వయంగా అఖండదీపాన్ని కొండెక్కిస్తాడు. ఆఖరి దోసెడు ఊరిపెద్ద చేతిలో పడ్డాకే చిలకమ్మ వంశపు ముసలామె కొత్త నూనె పోసి దాన్ని వెలిగిస్తుంది. కొత్తగా వచ్చినవారు గుహలో చీకటి చూసి కంగారుపడితే, పక్కవారు ఊరడిస్తారు, తల్లి అలిగి కాదు, ఇష్టపడే కూర్చుందని.