వదులైన బిరడా

శేషావతారం మాస్టారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. గురువారం సాయంత్రాలు విజయనగరంలో ఆయన ఇంటి వసారాలో పదిమందిమి కూర్చునేవాళ్ళం. ఎవరు ఏమడిగినా ఆయన కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకునేదాకా మేం ఆగాలి. ఆ తర్వాత చెప్పేదైనా జవాబులా ఉండేది కాదు. ఎప్పుడో తాను చూసిన ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు.

ఆ సాయంత్రం పాఠం సత్యం గురించి. పాఠం అయ్యాక విశాలాక్షి నోటుపుస్తకం మూసింది. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది, నలభై అయిదేళ్ళుంటాయి, ఎప్పుడూ వెనక వరుసలో కూర్చుని రాసుకుంటుందే తప్ప నోరు విప్పదు.

"మా అత్తగారికి చూపు బాగా తగ్గింది మాస్టారూ. అయినా బియ్యం తనే ఏరుతానంటుంది. ఆవిడ ఏరినవాటిని నేను వంటింట్లోకి తీసుకెళ్ళి మళ్ళీ ఏరుకుంటాను. రోజూ నాలుగైదు రాళ్ళు వస్తాయి. అన్నాల దగ్గర 'ఒక్క రాయన్నా తగిలిందా' అని అడుగుతుంది. లేదత్తయ్యా అంటాను. మీరింతసేపూ చెప్పింది విన్నాక, రేపు ఆ మాట ఎలా అనాలో నాకు తెలియడం లేదు."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత ఈ సంగతి చెప్పారు.

పదిహేనేళ్ళ కిందట ఆయన సాలూరు హైస్కూల్లో పనిచేసేవారు. సాలూరంటే ఇంటికో డ్రైవరున్న ఊరు. మాస్టారి అద్దె ఇంటికి ఎదురింట్లో కూర్మినాయుడు అనే ముసలాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ళు ఘాట్ రోడ్డు మీద జీపు నడిపాడు. పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళనీ, జ్వరాలతో ఒళ్ళు తెలియని పిల్లల్నీ ఆ జీపులోనే కొండల మీదనుంచి ఆసుపత్రికి దించాడు. చూపు మందగించాక నడపడం మానేశాడు. జీపును కూతురు పైడితల్లి చేపట్టింది. భర్త పోయి తండ్రి దగ్గరికి వచ్చేసిన మనిషి ఆమె. సంతరోజుల్లో కొండమీదివాళ్ళని ఎక్కించుకుని తిరిగేది.

నడపడం కూతురిదైనా, ఏడాదికోసారి జీపు వెనక డిఫరెన్షియల్‌కి నూనె మార్చే పని మాత్రం కూర్మినాయుడిదే. వెనక చక్రాల మధ్య కుండలా ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప డొప్ప అది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే పళ్ళచక్రాలు దానిలోనే ఉంటాయి. దానికి రెండు బిరడాలు. కింది బిరడా తీస్తే పాత నూనె కారిపోతుంది, పై బిరడా తీసి కొత్తది పోస్తారు. అయితే ముందు పై బిరడా ఊడుతుందో లేదో చూసుకున్నాకే కిందిదాని మీద పానా పెట్టాలి. ఉన్న నూనె కాస్తా పారబోసుకుని, పైది బిగుసుకుపోయిందంటే బండి ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ పై బిరడా ఏడాదంతా బురదా దుమ్మూ పట్టి ఎప్పుడూ మొండికేసేది. పానాకి పైపు ముక్క తొడిగి, చక్రానికి కాలు తన్నిపెట్టి లాగితేగాని వచ్చేది కాదు.

ఆ ఏడు వానలకు ముందు కూర్మినాయుడికి పక్షవాతం తగిలింది. ప్రాణానికి గండం తప్పింది, నడక వచ్చింది, కుడిచేతికి మాత్రం పట్టు రాలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. రోజంతా అరుగు మీద జీపు వైపు చూస్తూ కూర్చునేవాడు. వానలు తగ్గాక ఒకనాడు కూతురితో అన్నాడు.

"రేపు నూనె మారుస్తానమ్మా. పై బిరడా నా సేత్తో ఊడిందా, సరే. ఊడలేదా, జీపు అమ్మీ. నాకిక సేత కాదని నేను తెలుసుకోవాల కదా."

ఆ మధ్యాహ్నం తండ్రి అన్నం తిని నిద్రపోయాక పైడితల్లి జీపు కింద గోనెసంచి పరుచుకుని పడుకుంది. మాస్టారు తన వీధరుగు మీదనుంచి చూస్తూనే ఉన్నారు. అరగంట పెనుగులాడింది. పానా ఒకసారి జారి వేలి కణుపు చెక్కుకుపోయింది. చివరికి టక్‌మన్న చప్పుడు రోడ్డు దాటి వినిపించింది. ఆమె బిరడాను మళ్ళీ చేతి బిగువుకి తిప్పిపెట్టి, దాని చుట్టూ పానా గీరిన మెరుపు కనిపించకుండా గుప్పెడు బురద మెత్తింది. పైకి లేచేసరికి ఎదురుగా మాస్టారు కనిపించారు.

"నాన్నకి సెప్పకండి మాస్టారండీ," అంది. ఆయన తలూపారు.

మర్నాడు పొద్దున్నే నూనె వేడెక్కి పలచబడాలని జీపును ఊరు చివరిదాకా ఒకసారి తిప్పుకొచ్చింది. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టింది. కూర్మినాయుడు మాస్టారిని పిలిపించి ముక్కాలిపీట వేయించాడు. గెలిచినా ఓడినా ఒక సాక్షి ఉండాలనుకున్నాడు కాబోలు. తర్వాత మెల్లిగా, ఒక పక్కకి ఒరుగుతూ, జీపు కిందకి జరిగాడు. పైపు ముక్క తొడిగిన పానా కూతురు అందించింది.

కింద నుంచి ఒక మూలుగు వినిపించింది. కాసేపాగి మరొకటి. పైడితల్లి చీర కొంగు గుప్పిట్లో నలుపుకుంటూ నిలబడింది. మూడో మూలుగు బాగా పెద్దగా వచ్చింది. ఆ వెంటనే, "వచ్చీసింది," అన్నాడు కూర్మినాయుడు.

ఆమె మొహం అటు తిప్పుకుంది.

ఆ పైన పనంతా సవ్యంగా సాగింది. కింది బిరడా ఆమె తీసింది. నల్లటి నూనె ఘాటుగా వాసన వేస్తూ బేసిన్లోకి కారింది. బిరడా కొసనున్న అయస్కాంతానికి అంటుకున్న ఇనప రజను తండ్రి వేలితో తీసి ఎండలో పెట్టి చూశాడు. "పిండిలాగుంది. ఇది తిరిగిన అరుగుదలే. పలుకులు వస్తే భయపడాల," అని కూతురికి చూపించాడు. ఆ వేలి మీది రజనును ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు. కింది బిరడా బిగించి, కొత్త నూనె పంపుతో ఎక్కించి, పై రంధ్రం నుంచి పొర్లేదాకా ఆగి, పైదీ బిగించారు. ఆమె చేతులు కడుక్కుని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

అప్పుడు కూర్మినాయుడు ముక్కాలిపీట దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"మాస్టారండీ, పిల్ల ఆ బిరడాని నిన్ననే వదులు సేసీసింది."

మాస్టారు లోపలి గుమ్మం వైపు చూశారు.

"రాత్రి అన్నం వడ్డిస్తంటే దాని కణుపు సూశాను. అప్పుడే అనుకున్నాను. ఇవాళ సూస్తే ముప్పై ఏళ్ళుగా కాలు తన్నిపెడితేగాని రానిది రెండు వేళ్ళకి వచ్చీసింది. నేను మూలక్కపోతే కనిపెట్టెస్తది కదా. అందుకని కాసేపు మూలిగాను. సెమట ఒకటి రాలేదు, దానికేటి సెయ్యగల్ను."

ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని నిమురుకున్నాడు.

"మాట ప్రకారం అమ్మీమని సెప్పాల. సేత కాలేదని నాకు తెలిసిపోయింది కదా. కానీ అంత కష్టపడి వదులు సేసిందంటే, ఇంకో ఏడు కూడా నన్ను ఈ బండి కింద సూడాలని దానికుందన్నమాట. కాదని ఎలా అంటాను. ఉండనీండి. మీరు మాత్రం దానికి సెప్పకండి."

దానికీ మాస్టారు తలూపారు.

ఇంతవరకు చెప్పి మాస్టారు ఆగారు. విశాలాక్షి కళ్ళు తుడుచుకుని, "ఆమెకి ఎప్పటికీ తెలియలేదా మాస్టారూ," అని అడిగింది.

"టీ తాగి వచ్చేస్తుంటే గుమ్మం దాకా సాగనంపింది. 'నాన్నకి అనుమానం రాలేదు కదండీ' అని అడిగింది. సరిగ్గా నీలాగే అడిగిందమ్మా, నిజం చెప్పమన్నట్టు మొహంలోకి చూస్తూ."

"మరి మీరేమన్నారు?"

మాస్టారు లేచి, చేతికర్ర అందుకున్నారు.

"'మీ నాన్న ఇవాళ చాలా కష్టపడ్డాడమ్మా' అన్నాను. అందులో నాకు అబద్ధమేమీ కనిపించలేదు."