మగ్గం గుంటలో నీళ్ళు

1983వ సంవత్సరం వానాకాలం. చీరాలకు అయిదు మైళ్ళ దూరంలో, సముద్రం వైపు ఉన్న ఒక నేతపల్లెలో భావనారాయణ అనే మొండి మనిషి ఉండేవాడు. ఒకసారి ‘కాదు’ అన్నాడంటే ఇక అతని నోట ‘అవును’ వచ్చేది కాదు. మిగతా అన్నింటిలో మంచివాడే. పనిమంతుడు కూడా. అతను నేసిన చీరకు ఏది పైవైపో ఏది లోపలివైపో కొట్టువాళ్ళు కూడా తడుముకునేవాళ్ళు.

అతనిది గుంట మగ్గం. ఇంటి నేలలోనే రెండడుగుల లోతు గుంట తవ్వి, దాని మీద మగ్గం నిలబెడతారు. నేసేవాడు గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేస్తాడు. ఆ గుంటను భావనారాయణ తండ్రి తవ్వాడు. తండ్రి ముప్పై ఏళ్ళు అందులో కాళ్ళు పెట్టి నేశాడు. కొడుకు ఇరవై ఏళ్ళుగా నేస్తున్నాడు.

ఆ ఊరిది ఇసుక నేల. వానలు పట్టుకున్నాయంటే నీళ్ళు అడుగు నుంచి పైకి ఊరేవి. అందరి గుంటల్లోనూ చెమ్మ చేరేది. గోడల మొదళ్ళలో సున్నం పెచ్చులుగా లేచేది. చుట్టిపెట్టిన నూలుకు బూజు పట్టేది. కొందరి గుంటల్లో కప్పలు కాపురం పెట్టేవి. భావనారాయణ గుంట మాత్రం పొడిగా ఉండేది.

అతను రోజూ పొద్దున్నే వీధి చివర టీ కొట్టుకు వెళ్ళి ఒక గంట కూర్చునేవాడు. వానాకాలమంతా అక్కడ అతనిది ఒకటే మాట.

“గుంట తవ్వడం కాదు, ఎక్కడ తవ్వాలో తెలియాలి. మా నాన్న చోటు చూసి తవ్వాడు. అందుకే చుక్క నీరు ఊరదు.”

ఆ ఏడాది వానలు మొదలైన కొత్తలోనే మస్తాన్ అనే తాపీమేస్త్రీ టీ కొట్టుకు వచ్చి భావనారాయణ పక్కన కూర్చున్నాడు.

“అన్నా, ఈ వీధిలో పద్దెనిమిది మగ్గాలున్నాయి. పదిహేడు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. గుంటకు నాలుగు వైపులా ఇటుక కట్టి సిమెంటు పూస్తా. అడుగున కంకర పోస్తా. వీధి పొడుగునా ఒకటే కాలువ తీసి నీళ్ళన్నీ వాగులోకి వదులుతా. అందరూ కలిస్తే ఇంటికి తొంభై రూపాయలతో పోతుంది. నువ్వు కూడా ‘ఊ’ అను.”

“నా గుంటకు ఏం జబ్బు చేసిందని మందు వేయించను?” అన్నాడు భావనారాయణ.

“ఇప్పుడు లేదు సరే. రేపు రాదని రాసిచ్చారా?”

“ఒరే మస్తానూ, గుంటలో కాస్త చల్లదనం ఉంటేనే నూలు తెగకుండా ఆడుతుంది. చుట్టూ సిమెంటు పూసి కూర్చుంటే పోగు ఎండిపోయి పుటుక్కుమంటుంది. ఇదంతా తెలియకుండానే మా నాన్న మట్టి గుంట ఉంచాడా? ఆయన తెలివితక్కువవాడా?”

“మీ నాన్న తెలివైనవాడే అన్నా. నేలకు ఆ సంగతి తెలుసా అని!”

టీ కొట్టులో అందరూ నవ్వారు. ఆ నవ్వు లేకపోతే భావనారాయణ ఒకవేళ ఆలోచించేవాడేమో. నవ్వారు కాబట్టి గ్లాసు చప్పుడయ్యేలా కింద పెట్టి, “నేను చేయించను” అని లేచిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య నాంచారమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆమె అతని మేనమామ కూతురే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ‘బావా’ అనే పిలిచేది. మేస్త్రీ అన్న మాటలు అతను కోపంగా చెప్పాడు. ఆమె రాట్నం ఆపి విన్నది.

“చేయించు బావా. తొంభై రూపాయలేగా” అంది.

“నీకూ పట్టిందా ఆ పిచ్చి? మన గుంటలో తడెక్కడుందే? చూపించు.”

నాంచారమ్మ ఏదో అనబోయి ఆగింది. “లేదులే” అని మళ్ళీ రాట్నం తిప్పింది.

పదిహేను రోజుల్లో పదిహేడు గుంటలూ బాగుపడ్డాయి. భావనారాయణ ఇల్లు వీధిలో అన్నింటికంటే పల్లంలో ఉంది. పై ఇళ్ళ గుంటల్లోకి ఊరే దారి మూసుకుపోయిన నీరు మెల్లగా కిందికి నడిచింది. ఆ సంగతి అతనికి తెలియదు. రోజూ టీ తాగి వచ్చి గుంటలో కాళ్ళు పెడితే అడుగున పొడి ఇసుక, దాని మీద వెచ్చటి బూడిద ఉండేవి. పురుగూ పుట్రా రాకుండా భార్య చల్లుతోందనుకునేవాడు. ‘డబ్బు తగలేసుకున్నారు పిచ్చివాళ్ళు’ అనుకుని హాయిగా నేసుకునేవాడు.

ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే అతను భార్య చేతుల వైపు చూశాడు.

“ఏమే, చేతులేంటి అలా నానిపోయి ఉన్నాయి?”

“నూలుకు గంజి కాచాను బావా.”

“గంజికి ఇంతలా నానుతాయా?”

“నువ్వు ఎప్పుడైనా కాచావా, నీకు తెలియడానికి? పప్పు కలుపుకో, చల్లారిపోతోంది.”

అతను నవ్వి పప్పు కలుపుకున్నాడు.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడు కనిపించలేదు. నాలుగో రోజు పొద్దున నాంచారమ్మ జ్వరంతో మంచం మీది నుంచి లేవలేకపోయింది. భావనారాయణ ఆమెకు దుప్పటి కప్పి, “పడుకో, టీ తెస్తా” అని కొట్టుకు వెళ్ళాడు. చెంబులో టీ తెచ్చి తాగించాడు. తరువాత మగ్గం దగ్గరకు వెళ్ళి గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించాడు.

పిక్కల దాకా చన్నీళ్ళు తగిలాయి. పలకలు నీళ్ళలో తేలుతున్నాయి.

“ఎవడ్రా మా గుంటలో నీళ్ళు పోసింది?” అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

మంచం మీది నుంచి నీరసంగా గొంతు వినిపించింది.

“ఎవరూ పొయ్యలేదు బావా. నేను తోడలేదు.”

అతను తడి కాళ్ళతోనే మంచం దగ్గరకు వచ్చాడు.

“తోడడమేంటి? రోజూ తోడతావా?”

“రోజూ ఎందుకు? వానాకాలంలోనే. నువ్వు టీ కొట్టుకు వెళ్ళొచ్చేలోపల తోడేసి, ఇసుక మార్చి, పొయ్యిలో బూడిద తెచ్చి చల్లేదాన్ని. పొద్దుగూకే దాకా ఆ ఇసుకే తడి పీల్చుకునేది. మునుపు నాలుగు బిందెలతో అయిపోయేది. ఈ ఏడు ఇరవై దాటుతున్నాయి. ఇవాళ లేవలేకపోయాను.” ఏదో తప్పు చేసినట్టు ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మేనత్త మంచాన పడినప్పటి నుంచి.”

“అంటే?”

“అంతకుముందు మేనత్త తోడేది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు చెప్పింది. ‘మీ మామయ్య తవ్విన గుంట, నీరు ఊరుతోందంటే చిన్నబుచ్చుకుంటాడే. మీ బావా అంతే. మనం తోడేస్తే సరిపోతుంది’ అంది.”

భావనారాయణ మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. తల్లి చేతులు గుర్తొచ్చాయి. చివరి రోజుల్లో ఆమె వేళ్ళు కొంకర్లు పోయి ముద్ద కలుపుకోవడానికి కూడా వచ్చేవి కావు. తనే కలిపి పెట్టేవాడు. ముసలితనం అనుకున్నాడు. తండ్రి కూడా అలాగే అనుకుని పోయాడు.

అతను నాంచారమ్మ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్ళు చాచబోయాడు. మూడు వేళ్ళు తిన్నగా రాలేదు. ఆమె “అబ్బా” అని చెయ్యి లాక్కుంది.

“పోగులు అతకడానికి రావట్లేదు బావా, నెల రోజుల నుంచి. ఎడమచేత్తో అతుకుతున్నా. నువ్వు చూసుకోలేదు” అంది.

అతను బిందె తీసుకుని గుంటలోకి దిగాడు. నీళ్ళు ముంచి, పెరట్లోకి మోసి, పారబోసి, మళ్ళీ దిగాడు. ఎనిమిదో బిందెకు నడుము పట్టేసింది. పద్నాలుగో బిందెకు కూర్చుండిపోయాడు. ఇరవై ఆరో బిందెతో గుంట ఖాళీ అయింది. తెల్లారేసరికి సగం మళ్ళీ నిండింది.

మర్నాడు అతను టీ కొట్టుకు వెళ్ళాడు. అందరూ ఉన్నారు. మస్తాన్ కూడా ఉన్నాడు. భావనారాయణ కూర్చోలేదు.

“మేస్త్రీ, నా గుంటలో నీళ్ళున్నాయి” అన్నాడు.

మస్తాన్ గ్లాసు పక్కన పెట్టాడు.

“ఎప్పటి నుంచి అన్నా?”

“యాభై ఏళ్ళ నుంచి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మస్తాన్ లేచి అతని వెంట వచ్చి, గుంటలోకి దిగి చూశాడు. తల గోక్కున్నాడు.

“అప్పుడైతే తొంభైతో పోయేది. నువ్వు వద్దన్నావని వీధి కాలువ అంత లోతు తియ్యలేదు, ఇప్పుడది నీ గుంట కంటే ఎత్తులో పడింది. పెరటి వైపు నుంచి వాగు దాకా నీ ఒక్కడికే వేరే కాలువ తియ్యాలి. మగ్గం పూర్తిగా విప్పి గుంట మళ్ళీ కట్టాలి. మూడు వందల నలభై అవుతుంది అన్నా. నా కూలి తగ్గించే చెప్తున్నా.”

“కట్టు” అన్నాడు భావనారాయణ.

అతను సైకిలు అమ్మాడు. ఆ సైకిలు మీదే చీరలు వేసుకుని చీరాల వెళ్ళేవాడు.

“సైకిలు అమ్మితే చీరలు ఎలా తీసుకెళ్తావు?” అని నాంచారమ్మ గొడవపడింది.

“భుజాన వేసుకుని నడిచి వెళ్తా. నువ్వు మోసిన నీళ్ళంత బరువుంటాయా చీరలు?”

పని జరిగినన్నాళ్ళూ మగ్గం లేదు. భావనారాయణ నాంచారమ్మను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన కీళ్ళవాతమని, తడిలో నాని ముదిరిందని, ఇంకా ముందే రావలసిందని చెప్పి మందులు ఇచ్చాడు. రోజూ రెండు పూటలా భావనారాయణ ఆముదం వేడి చేసి ఆమె వేళ్ళకు రాసేవాడు. వంట కూడా అతనే చేశాడు.

“ఈ అన్నం ఇంకో వారం తింటే మేనత్త దగ్గరకు పోతా” అనేది నాంచారమ్మ.

“మాడిందా?”

“కింద మాడింది. పైన ఉడకలేదు. మధ్యలో బాగుంది.”

“అయితే మధ్యలోది నువ్వు తిను” అని అతను మాడు తన కంచంలో వేసుకునేవాడు.

ఇరవై ఏడో రోజున మగ్గం మళ్ళీ నిలబడింది. ఆ రోజు కూడా వాన పడుతోంది. భావనారాయణ భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టాడు. ఆమె కాళ్ళు కొత్త గుంటలోకి దించి, అరికాళ్ళతో అడుగంతా తడిమింది. ఎక్కడా తడి తగలలేదు.

“మేనత్త ఉంటే బాగుండేది బావా” అంది.

అతను కండువాతో కళ్ళు తుడుచుకుని, “జరుగు, నేత మొదలుపెట్టాలి” అన్నాడు. ఆమె జరగలేదు. అతను పక్కనే కూర్చున్నాడు.

మన ఇంట్లోని లోపాన్ని ఒప్పుకోకుండా మొండికేస్తే ఆ లోపం ఎక్కడికీ పోదు, మనల్ని ప్రేమించేవాళ్ళే దాన్ని తమ ఒంటితో మోస్తారు. అందుకని వాళ్ళు నోరు తెరిచి చెప్పలేని మాటను మనమే అడిగి వినాలి. భావనారాయణ ఇంటి చెమ్మ పోవడానికి మూడు వందల నలభై రూపాయలు, ఇరవై ఆరు రోజుల నేత ఖర్చయ్యాయి. నాంచారమ్మ కుడిచేతి మూడు వేళ్ళు మళ్ళీ తిన్నగా రాలేదు.